కుప్పమ్మక్క మీద నాకున్న కుళ్లు

ఏం లాభమా? ఏం లాభం అని అడగడానికి ఆ గిరిజకు అసలు నోరెలా వచ్చింది? "మన కుప్పమ్మక్క అంత వేళకు తిని, అంత వేళకు పడుకుని, రోజూ పోను రాను నాలుగు మైళ్లు నడిచి, చివరికి మూడు రోజుల జ్వరంతో పోయింది. అరవై కూడా నిండలేదు. ఏం లాభం? నన్ను చూడు, వేళకు తిన్నది లేదు, పడుకున్నది లేదు, నిక్షేపంలా ఉన్నాను" అంది ఫోన్లో. నిక్షేపంలా ఉన్న ఆ మనిషి ఈ నాలుగు మాటలు చెప్పేలోపు మూడుసార్లు ఆయాసపడింది. ఠపీమని ఫోన్ పెట్టేశాను. పెట్టేసినా మనసాగక మళ్లీ ఎత్తి, చిత్తూరు నంబరు తిప్పి, "కుప్పమ్మక్క గురించి నీకేం తెలుసే" అని అరిచి మళ్లీ పెట్టేశాను. అప్పుడే పక్క టేబుల్ దగ్గర మా డ్రైవరొకడు తోతాపురి మామిడికాయ కోస్తున్నాడు. ఆ సొన వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది. తిరుపతిలో ఈ ట్రావెల్స్ ఆఫీసులో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే చిత్తూరు పోయాను. దుఃఖం రాలేదు. కుళ్లు వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కుళ్లు.

కుప్పమ్మక్క మీలో ఎవరికీ తెలిసుండదు. ఏడేళ్ల కిందట చిత్తూరు పొలిమేరలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పండ్లు కోసే ఇరవై మంది ఆడవాళ్లకు ఆవిడ పెద్ద. అదే ఫ్యాక్టరీ ఆఫీసులో నేను ఫోన్ చూసుకునే అమ్మాయిని, గిరిజ టైపు కొట్టే అమ్మాయి. నేను పుట్టి పెరిగింది మద్రాసు పెరంబూరులో. నాన్న పోయాక అన్న ఇంట్లో ఉండేదాన్ని. వాళ్లు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కాకపోతే ఎవరు ఇంటికి వచ్చినా "ఇంకా ఇక్కడే ఉందా" అనే ప్రశ్న వాళ్ల మొహంలో కనిపించేది. చిత్తూరులో ఉద్యోగం అనగానే పెట్టె సర్దుకున్నాను. మేనేజరు వరదరాజులు గారు మొదటిరోజే తేల్చి చెప్పారు. "సీజను మూడు నెలలూ చూస్తానమ్మా. తప్పుల్లేకుండా చేస్తే పర్మనెంటు. లేకపోతే మద్రాసు బస్సు ఎక్కేయడమే." అన్న ఇంటికి తిరిగి వెళ్లకుండా ఉండటానికి నాకున్నది ఆ మూడు నెలలే.

పని వినడానికి సులువు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాయల ఏజెంట్లు ఫోన్ చేస్తారు. ఎవరి లారీ ఏ రోజు, ఏ పూట రావాలో వంతు చెప్పి, పుస్తకంలో రాసుకోవాలి. వంతు తప్పితే పండు ఎండలో లారీలోనే ఉడికిపోతుంది. సీజన్లో ఆ ఫోన్ ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే రాసేదాన్ని, టీ తాగేదాన్ని, అవతలివాళ్లను కసిరేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరు టీలు, నాలుగింటికి రెండు బోండాలు, తలనొప్పి ముదిరితే ఒక మాత్ర. మధ్యాహ్నం క్యారియరు చాలాసార్లు మూత తీయకుండానే ఇంటికి తిరిగి వెళ్లేది. తీరికలేకపోవడం గొప్ప అనుకునే వయసు నాది. ఇరవై ఒక్కటి.

నా కిటికీకి ఎదురుగా పండ్లు కోసే షెడ్డు. ఫోన్ పట్టుకుని ఎటు తిరిగినా ఆవిడే కనిపించేది. యాభై రెండేళ్ల మనిషి. చెరకు గడను పళ్లతోనే చీల్చేది. తల మీద గంప పెట్టుకుని కూడా పక్కనున్నావిడతో నవ్వుతూ మాట్లాడేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక షెడ్డు మూల గోనెపట్ట పరుచుకుని పడుకునేది, పడుకోవడంతోనే నిద్రపోయేది. సరిగ్గా ఇరవై నిమిషాలు. ఎవరూ లేపకుండా తనే లేచేది. నేను అద్దె గదిలో కొత్త పరుపు మీద పడుకుని పంకా రెక్కలు లెక్కపెట్టేదాన్ని. ఎవరో తన పక్కనే గట్టిగా నోరు పారేసుకుంటున్నా ఆవిడ కోసే కత్తి వేగం మారేది కాదు. నాకు మాత్రం లైనులో చిన్న గరగర వినిపించినా ఒళ్లు మండిపోయేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం చెబుతాను. ఆవిడకు ఒక్కరోజైనా తలనొప్పి రావాలని నేను కోరుకున్నాను.

ఒకసారి ఆగలేక అడిగేశాను కూడా. ఆవిడ వెనకాల ఏదో పెద్ద కథ ఉంటుందని నా నమ్మకం. ఏ డాక్టరో చచ్చిపోతావని చెప్పుంటాడు, ఏ సాధువో మంత్రం ఇచ్చుంటాడు.

"నీకు ఇదంతా ఎవరు నేర్పించారక్కా?"

"ఏదంతా?"

"ఈ తిండి, ఈ నిద్ర, ఈ నడక."

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఆకలైతాది, తింటాను. నిద్దరొస్తాది, నిద్దరపోతాను. దీనికి యాడన్నా బడి ఉండాదా మద్రాసు పాపా?" పక్కనున్న ఆడవాళ్లందరూ విరగబడి నవ్వారు. కథ ఏదైనా ఉంటే కొంచెం జాలిపడి ఊరుకునేదాన్ని. కథ కూడా లేదు. నాకు ఇంకా మండింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. పొద్దున పదిన్నరకు కుప్పమ్మక్క కత్తిని బల్ల మీద బోర్లించేది. అంతే, ఇరవై కత్తులూ వరసగా బోర్లాపడేవి. అందరూ చేతుల సొన కడుక్కుని, నడుం విరుచుకుని, మజ్జిగ కలిపిన రాగి సంగటీ పచ్చి ఉల్లిపాయా పావుగంటలో తినేవాళ్లు. ఆ పావుగంట ఫ్యాక్టరీ రూల్సులో ఎక్కడా లేదు. ఆవిడ వచ్చినప్పటి నుంచీ ఉందని మాత్రం అందరూ చెప్పేవాళ్లు. ఆఫీసులో మేం దాన్ని చూసి నవ్వుకునేవాళ్లం. పల్లెటూరి ఆలస్యం అని గిరిజ పేరు పెట్టింది. నవ్వినవాళ్లలో నేనే ముందు.

ఇక రెండు లారీల రోజు సంగతి. జూన్ మధ్యలో, సీజను నడినెత్తికి వచ్చిన రోజులు. ముందురోజు పొద్దున్నుంచి నా కడుపులో టీ తప్ప ఏమీ పడలేదు. కణతలు పగిలిపోతున్నాయి. ఐరాల నుంచి చెంగల్రాయప్ప అనే ఏజెంటు ఫోన్ చేసి చెప్పిందే చెబుతున్నాడు. "ఏందమ్మా ఇది, మా కాయ మెత్తబడిపోతా ఉండాది, వంతు సెప్పు, వంతు సెప్పు." విసుగెత్తి, "రేపు పొద్దున రండి, ఫోన్ పెట్టేయండి!" అని కసిరి నేనే పెట్టేశాను. ఆ పొద్దుటి వంతు అంతకు గంట ముందే బంగారుపాళ్యం ఏజెంటుకు ఇచ్చేశాను. పుస్తకం నా కళ్ల ముందే తెరిచి ఉంది. నేనే రాశాను. ఆ అక్షరాలు చూశాను కూడా, కానీ చదవలేదు. ఆకలితో, తలనొప్పితో చూసే చూపు ఎలాంటిదో పడినవాళ్లకు తెలుస్తుంది.

మర్నాడు తొమ్మిదింటికల్లా రెండు లారీలూ గేటు ముందు నిలబడ్డాయి. ఇద్దరు ఏజెంట్లూ మేనేజరు గదిలో, ఇద్దరి వేళ్లూ నా వైపే. ఎండ పెరుగుతోంది, పండు వాసన పులుపు తిరుగుతోంది. వరదరాజులు గారు నన్ను పిలిచి, అందరి ముందూ, "ఇదే ఆఖరు. ఇంకొక్క తప్పు వంతు, ఇంకొక్క ఏజెంటు కంప్లయింటు వచ్చినా నీ పెట్టె సర్దుకోవచ్చు" అన్నారు. అని షెడ్డుకు పరుగెత్తారు. రెండు లారీల పండూ సాయంత్రంలోపు కోసేయాలి, చెయ్యి ఆపొద్దు అని చెప్పారు. టైము పదీ ఇరవై అయ్యింది. పదిన్నరకు కుప్పమ్మక్క కత్తి బోర్లించింది.

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. బల్ల మీద ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు. వరదరాజులు గారి కేక ఆఫీసు దాకా వినిపించింది. "ఏమ్మా, ఈ రోజు కూడానా? కళ్లు కనపడలేదా? లారీలు ఉడికిపోతున్నాయి!"

"కనపడతా ఉండాయప్పా" అంది ఆవిడ చేతులు కడుక్కుంటూనే. "ఆకలి సేతికి కత్తిస్తే కాయి తెగదు, యేలు తెగుతాది. నెత్తురు పడితే తొట్టి తొట్టంతా పారబొయ్యాల. పావుగంట ఇడిసిపెట్టు. పొద్దు మునిగేలోగా రెండూ ముగిస్తాం."

"ముగించకపోతే?"

"ముగించకపోతే రేపట్నించి నేను రాను. పో సామీ, నువ్వు గూడా పోయి ఏమన్నా తిను. మొగం సూడు ఎట్ల పీక్కపోయిందో!"

ఇరవై మంది ఆడవాళ్లూ నవ్వు ఆపుకుంటూ సంగటి తిన్నారు. ఐదున్నరకు రెండో లారీ ఖాళీ అయ్యింది. ఒక్క వేలు తెగలేదు. నా తప్పును ఆవిడ తన పదిన్నరతో మోసింది. కృతజ్ఞత రావాలి కదా? రాలేదు. నాకు ఉద్యోగం పోయే భయం, ఆవిడేమో రేపట్నుంచి రానని మేనేజరు మొహం మీదే చెప్పగలిగింది. ఆ నిబ్బరం ఎక్కడిది? కడుపు నిండినందుకు ధైర్యం వచ్చిందా, ధైర్యం ఉన్నందుకు కడుపు నిండా తినగలుగుతోందా? ఆ సాయంత్రం ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి గిన్నెలో మిగిలిన సంగటి పెట్టి, "తిను మే" అంది. "నాకు అలవాటు లేదు" అని మొహం తిప్పుకున్నాను. ఆవిడ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. బతిమాలి ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి నేను నడవడం మొదలుపెట్టాను. ఒంటికి మంచిదని కాదు, ఆవిడను ఓడించాలని. నా గది గిరింపేటలో, ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల. నేను బస్సులో వచ్చేదాన్ని, ఆ బస్సు రోజూ ఆలస్యం, రోజూ నాకు చిరాకు. ఆవిడ రెండు మైళ్లూ నడిచి నాకంటే ముందే గేటు దగ్గర ఉండేది. ఇక చూస్కో అని చెప్పులు బిగించి బయల్దేరాను. మొదటిరోజు సగం దారిలోనే రొప్పుతూ మైలురాయి మీద కూలబడ్డాను. ఆవిడ వెనక నుంచి అదే నడకతో వచ్చి, "ఏమ్మే, ఎవరన్నా తరుముకోని వస్తాండారా?" అని దాటిపోయింది. వారం తర్వాత పక్కపక్కన నడవగలిగాను. పదిహేను రోజులకు దాటగలిగాను కూడా. ఆవిడ అసలు పందెంలోనే లేదని అప్పుడు అర్థమైంది.

కానీ ఆ నడక ఒక్కటే వచ్చి ఊరుకోలేదు, వెనకాల చుట్టాలను కూడా తెచ్చుకుంది. నడిచి వచ్చేసరికి పదింటికల్లా ఆకలి కరకరలాడేది, టీతో చల్లారేది కాదు. తింటే తలనొప్పి రాలేదు. తలనొప్పి లేకపోతే ఏజెంట్లు మనుషుల్లా వినిపించారు. కసరకపోతే సాయంత్రం ఇంటికి వెళ్లాక ఎవరితో ఏమన్నానో గుర్తుచేసుకుని కుమిలే పని తప్పింది. కుమలకపోతే నిద్ర. నిద్ర పడితే పొద్దున నడక. ఎక్కడ పట్టుకుని లాగినా మిగతావి కదిలేవి. వెనక్కి కూడా అలాగే కదిలేవి. జూలై మొదట్లో అన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, "ఆ ఉద్యోగం నిలబడుతుందా, లేకపోతే ముందే చెప్పు" అని. ఆ ఒక్క వాక్యానికి నిద్ర పోయింది, నిద్రతో నడక, నడకతో ఆకలి. నాలుగో రోజుకు మళ్లీ ఆరు టీలు. ఐదో రోజు గిరిజ మీద కాగితాలు విసిరేశాను. అంత కష్టపడి కట్టుకున్నది ఒక ఇన్లాండు కవరుకు కూలిపోయిందని ఏడుపొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కుప్పమ్మక్క కొడుక్కు టైఫాయిడ్ వచ్చింది. ఒక్కగానొక్క కొడుకు, ఆస్పత్రిలో ఒంటి మీద తెలివి లేకుండా పడున్నాడు. ఆవిడ పొద్దున వాడి దగ్గరుండి, కోడలు రాగానే పనికి వచ్చేది, సాయంత్రం మళ్లీ పోయేది. పదిన్నరకు మాత్రం కత్తి బోర్లించి సంగటి తినేది. షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. రాతి గుండె అన్నారు. కన్నతల్లికి ముద్ద ఎలా దిగుతుందన్నారు. నాలో కూడా ఒక మూల సంతోషం కలిగింది. చిక్కావు, నీ ఆరోగ్యం అంతా మనసు లేకపోవడమే అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూశాను. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంటోంది, కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఏడుస్తూనే నమిలి మింగుతోంది. రుచి కోసం కాదు, పని చేసినట్టు తింటోంది.

"అక్కా, ఎలా తినగలుగుతున్నావు?" అన్నాను. అడగకూడని మాట.

"నేను పస్తుంటే వానికి జొరం తగ్గుతాదా?" అంది చేత్తో ముక్కు తుడుచుకుంటూ. "వాన్ని పట్టుకోని నిలబెట్టాలంటే నా కాళ్లు నిలబడల్ల గదా. బాధ ఉండేదే మే. అది నాతోపాటే కూసోని తింటాది."

ఆ మర్నాడు నేను ఉత్తరం సంచిలో పడేసి మళ్లీ నడిచి వచ్చాను. బాధ పోలేదు. పోయేదాకా ఆగనక్కర్లేదని మాత్రం తెలిసింది. కొడుకు మూడు వారాలకు లేచి కూర్చున్నాడు.

అక్కడితో ఆగకుండా నేనొక పని చేశాను. ఏజెంట్లందరికీ ఒక్కొక్కరికీ చెప్పాను, పదిన్నర నుంచి పదీ ముప్పావు దాకా ఫోన్ చెయ్యొద్దని. చెంగల్రాయప్ప, "అప్పుడేం పూజ సేస్తావా తల్లీ?" అని వెక్కిరించాడు. "అవును, కడుపుకు" అన్నాను. పదిన్నరకు రిసీవరు తీసి బల్ల మీద పడుకోబెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్నది తినేదాన్ని. తిన్నాక వంతుల పుస్తకం ఒకసారి మొదటి నుంచి చదువుకునేదాన్ని, ఈసారి నిజంగా చదివేదాన్ని. మేనేజరుకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోరని తెలుసు.

సీజను ఆఖరి వారంలో దొరికిపోయాను. నేను అన్నం కలుపుకుంటున్నాను, వరదరాజులు గారు వెనక నుంచి వచ్చి బల్ల మీద పడుకున్న రిసీవరును చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. "రోజూ ఇంతేనా?" అన్నారు. "రోజూ ఇంతే సార్" అన్నాను. అబద్ధం చెప్పడానికి నాకు వేళలేదు, నోట్లో ముద్ద ఉంది. మద్రాసు బస్సు కళ్ల ముందు కదిలింది. అయినా ముద్ద మింగాను. ఆయన వంతుల పుస్తకం లాక్కుని రెండు లారీల రోజు దగ్గర్నుంచి పేజీ పేజీ తిప్పారు. ఒక్క కొట్టివేత లేదు. ఒక్క కంప్లయింటు లేదు. ఎంతసేపు చూశారో తెలియదు, నా చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. చివరికి పుస్తకం మూసి, కిటికీలోంచి షెడ్డు వైపు చూసి, "కుప్పమ్మ నేర్పిందా? ఆవిడ చెయ్యి పడితే ఎవరైనా బాగుపడతారు" అన్నారు. నాలుగు రోజులకు పర్మనెంటు కాగితం వచ్చింది.

చూశారా అన్యాయం? నడిచింది నేను. కూలబడింది నేను. ఉత్తరం చదివి కూలిపోయి మళ్లీ లేచింది నేను. ఉద్యోగం పోతుందని తెలిసీ ఫోన్ పక్కన పెట్టింది నేను. పేరు ఆవిడకు! ఆ కాగితం పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. సంతోషం చెప్పడానికి కాదు, పోట్లాటకు. నా మొహం చూడగానే ఆవిడకు అర్థమైపోయింది.

"నన్ను సూసి కుళ్లుకుంటాండావు గదా?" అంది నవ్వుతూ. "వచ్చినకాడి నించీ సూస్తానే ఉండాను."

చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

"కుళ్లుకో, తప్పేం లేదు. ఒట్టి కడుపుతో మాత్రం కుళ్లుకోవద్దు మే."

నాలుగేళ్ల తర్వాత నేను తిరుపతి వచ్చేశాను. ఇక్కడా ఫోనే, చెవికి అంటుకునే ఉంటుంది. కోపం కూడా పోలేదు, గిరిజను అడగండి చెబుతుంది. అయినా పదిన్నరకు రిసీవరు పక్కన పెట్టి తింటాను. మా ట్రావెల్స్ యజమాని మొదట్లో మొత్తుకున్నాడు, ఇప్పుడు తనూ ఆ వేళకే డబ్బా విప్పుతున్నాడు. పొద్దున అలిపిరి దాకా నడిచి వెనక్కి వస్తాను. తప్పిన రోజులు బోలెడు. తప్పిన రోజు ఎవరో ఒకరు నా నోటికి బలవుతారు, మర్నాడు సిగ్గుపడి మళ్లీ చెప్పులు వేసుకుంటాను. కుప్పమ్మక్కలా నిద్ర మాత్రం నాకింకా పట్టుబడలేదు.

ఆవిడ ఆఖరి రోజు సంగతి కోడలు చెప్పింది. పొద్దున గంజి అడిగి తాగిందట. షెడ్డులో పదిన్నరకు ఎవరు కత్తి బోర్లిస్తున్నారని అడిగిందట. కాసేపు పడుకుంటానని అటు తిరిగి పడుకుందట, అంతే. ఆ పోవడం మీద కూడా నాకు కుళ్లే, దాచుకోను. గిరిజకు అరవై నిండకపోవడం ఒక్కటే కనిపించింది. తక్కువే బతికింది, నేనూ ఒప్పుకుంటాను, నాకూ ఇంకో ఇరవై ఏళ్లు కావాల్సింది. కానీ ఆవిడ బతికిన రోజుల్లోంచి పండగ కాదు, పబ్బం కాదు, ఊరికే ఒక మంగళవారం తీసుకోండి. రెండు మైళ్ల నడక, ఆకలేసినప్పుడు సంగటి, గోనెపట్ట మీద ఇరవై నిమిషాల నిద్ర, ఎవరి మీదా అరవకుండా ఇంటికి చేరిన సాయంత్రం. అలాంటి మంగళవారం ఒక్కటి మీ చేతికిస్తే, మీరు వద్దంటారా?